అలసట యెరుగని ఆటగాడు

1939వ సంవత్సరము మే 2వ తేదీన అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఒక బేస్‌బాల్ పోటీ జరుగవలసి యుండెను. ఆట ఆరంభము కాకమునుపే న్యూయార్క్ యాంకీస్ జట్టు నాయకుడగు లూ గెరిగ్ తన శిక్షకుని యొద్దకు పోయి, ఆనాటి ఆటనుండి తన్ను తప్పింపుమని కోరెను. 1925 జూన్ మొదలుకొని ఒక్క పోటీయు మానక వరుసగా 2130 పోటీలలో ఆడినవాడతడు. వ్రేళ్ళు విరిగినను, నడుము పట్టినను ఆడెనేగాని మానలేదు. అందుచే జనులతనిని ‘ఉక్కు గుర్రము’ అని పిలుచుచుండిరి.

అట్టివానికి అంతకు ముందటి యేడే బలము తగ్గజొచ్చినది. కొట్టిన బంతి దూరము పోదు. పరుగెత్తబోవ కాళ్ళు తడబడును. ఒకనాడతడు మిక్కిలి సులభమైన బంతినొకదానిని అందుకొనగా, తోటి ఆటగాండ్రు ఘనకార్యమన్నట్లు మెచ్చుకొనిరి. ఆ మెప్పే అతని మనస్సున ముల్లువలె నాటినది. జూన్ నెలలో మేయో వైద్యశాల వైద్యులు అతనిని పరీక్షించి, అది చాలక నాడీకణ వ్యాధి యని తేల్చిరి. నాటికతనికి ముప్పదియారేండ్లు. 1941 జూన్ 2వ తేదీన అతడు మరణించెను.

మన మెదడునందును వెన్నుపామునందును కండరములకు ఆజ్ఞలనందించు నాడీకణములు కలవు. ఈ వ్యాధిలో అవి క్రమముగా నశించును. ఆజ్ఞ అందని కండరము శుష్కించును. చేతులు, కాళ్ళు, మాట, మ్రింగుట, తుదకు శ్వాసయు చెడును. 1869లోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ వ్యాధిని వర్ణించియుండెను.

అంతటి దేహబలము గలవానికి ఈ రోగమేల వచ్చెను? ఆ శ్రమయే కారణమా? ఇటలీ పరిశోధకులు 1970 నుండి 2001 వరకు ఆడిన 7325 మంది ఫుట్‌బాల్ ఆటగాండ్రను గూర్చి విచారించిరి. సామాన్యముగా అంతమందిలో ఒక్కనికైనను ఈ వ్యాధి రావలసిన లెక్క లేదు. కాని అయిదుగురికి వచ్చెను. ఇది విని భయపడువారు తక్కిన 7320 మందిని మరచుచున్నారు. వారును పరుగెత్తినవారే గదా!

కావున శ్రమతో మరియొకటి కూడవలెను. అది తలిదండ్రులనుండి సంక్రమించు జన్యువులలో నుండవచ్చును. సి9ఓఆర్ఎఫ్72 అను జన్యువునందలి లోపము కొన్ని కుటుంబములలో ఈ వ్యాధికి హేతువగుచున్నదని 2011లో తెలిసెను. అందు ఆరక్షరముల తునక యొకటి, వ్రాయసకాడు పొరపాటున మరల మరల వ్రాసినట్లు, వందలకొలది మారులు వచ్చును. ఆ లోపము గలవారి బిడ్డలలో ఒక్కొక్కనికి అది సంక్రమించుటకు సగము అవకాశము కలదు. సంక్రమించిన వారందరును రోగులగుదురనియు లేదు.

2021లో ఇంగ్లండునందలి షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రెండు త్రోవలను కలిపి చూచిరి. ఈ జన్యులోపము గల రోగులలో, పూర్వము మిక్కుటముగా వ్యాయామము చేసినవారికి వ్యాధి చిన్న వయస్సుననే పొడసూపినదని వారు కనుగొనిరి. ఒకనికి మేలు చేయు పరుగే మరియొకని నాడీకణములకు భారమగునన్నమాట.

అట్టి కుటుంబమున పుట్టిన బాలుడు మైదానమునకు పోవచ్చునా? కఠినశ్రమ చేయువారిలో అత్యధికులకు ఈ వ్యాధి రాదని ఆ పరిశోధకులే స్పష్టముగా చెప్పిరి. వ్యాయామము మానినచో గుండెజబ్బు, మధుమేహము పొంచియుండనే యుండును. ఎవరి దేహమునకు ఎంత శ్రమ మితిమీరునో ముందుగా తెలిసికొని, అట్టివారికి మాత్రమే తగిన సలహా నీయవలెనని వైద్యులు కృషి చేయుచున్నారు.