మన కప్పలు

గ్రీష్మతాపముచే బీటలువారిన చెరువునందు తొలకరి జల్లు పడిన రాత్రియే కప్పల కోలాహలము చెలరేగును. నిన్నటివరకు నిశ్శబ్దముగా నున్న ఆ చోటికి ఇన్ని కప్పలు ఎచ్చటినుండి వచ్చినవి? అవి వానతోపాటు ఆకాశమునుండి రాలినవని కొందరందురు. అది సత్యము కాదు. వేసవియంతయు అవి మట్టిలోపల, రాళ్లక్రింద, గట్ల పగుళ్లలో చల్లదనము నాశ్రయించి కదలక మెదలక యుండును. నేల తడిసిన వెంటనే వెలుపలికి వచ్చి నీటిపట్టులకు చేరును.

ఈ కోలాహలమును మన పూర్వులు చెవియొగ్గి వినిరి. ఋగ్వేదము ఏడవ మండలములోని 103వ సూక్తము కప్పలను గూర్చినది. అందు వానరాకకు ఎలుగెత్తు కప్పలు వేదపాఠము వల్లించు బ్రాహ్మణులతో పోల్చబడినవి. వ్యాకరణమునందు ఒక సూత్రములోని పదము నడుమ సూత్రములను విడిచి ఆవలి సూత్రమున అన్వయించుటకు ‘మండూకప్లుతి’ యని పేరు. వానలు వెనుదీసినప్పుడు పిల్లలు రోకలికి కప్పను, వేపమండలను కట్టి, ఇంటింట నీరు పోయించుకొనుచు ‘కప్పతల్లి’ ఆట యాడుట తెలుగు పల్లెలలో ఆచారము.

ఇట్లు కప్పను ఎరుగనివారు లేరు. కాని అది ఏ కప్ప యని యడిగినచో చెప్పగలవారు అరుదు. మన దేశమున నాలుగు వందలకు పైగా ఉభయచర జాతులు గుర్తింపబడినవి. వానిలో అత్యధికము కప్పలే. ఊరి చెరువు చెంతనే నాలుగైదు జాతులు కానవచ్చును. వాని రూపము వేరు, నడక వేరు, గొంతు వేరు.

ఇండ్ల ముంగిళ్లలో దీపము క్రింద చేరి పురుగులకై పొంచియుండునది గోదురుకప్ప. దాని చర్మము పొడిగా, గరుకుగా, మొటిమలతో నిండియుండును. తలపై నల్లని గట్లు కన్పట్టును. వెనుక కాళ్లు పొట్టివి గావున దూరము దుముకలేదు. చిన్నచిన్న గంతులు వేయును. కన్నుల వెనుక ఉబ్బెత్తుగా నుండు గ్రంథులలో తెల్లని విషద్రవము కలదు. కరచిన కుక్క నురుగు క్రక్కుటకు ఆ ద్రవమే కారణము. గోదురుకప్పను తాకినవారికి పులిపిర్లు లేచునని చెప్పుట మాత్రము వట్టి అపోహ. అయినను తాకిన చేతితో కన్నులు నులుముకొనరాదు.

వరిపొలములలోను చెరువులలోను వసించు పెద్దకప్పను బావురుకప్ప యందురు. ఇది జానెడు పొడవునకు దగ్గరగా పెరుగగలదు. దాని మేను సాధారణముగా ఆకుపచ్చ, గోధుమ వర్ణముల కలయికగా నుండును. కాని తొలి వానలకు జతకట్టు వేళ మగకప్ప నిమ్మపండువలె పచ్చబడును. గొంతునకు ఇరుప్రక్కల రెండు నీలపు తిత్తులు ఉబ్బును. కొలది దినములలో ఆ రంగు మాసిపోవును. ఇది తెలియనివారు ఆ పసుపు కప్పలను ఎచ్చటినుండియో వచ్చిన వింతప్రాణులని భ్రమించుట కలదు.

కాలువ యొడ్డున అడుగుల చప్పుడు కాగానే నీటి ఉపరితలముపై గులకరాయి విసరినట్లు పలుమార్లు ఎగిరి ఎగిరి పోవునది నీటికప్ప. గోడలపైనను స్నానపుగది మూలలలోను అతుక్కొని యుండునది చెట్టుకప్ప. దాని వ్రేళ్ల చివర గుండ్రని మెత్తలు కలవు. అవియే నున్నని గోడకు దానిని అంటిపెట్టును. ఈ కప్ప నీటిలో గ్రుడ్లు పెట్టదు. నీటి పైభాగమున ఆకునకో తొట్టి గోడకో తెల్లని నురుగుగూడు కట్టి అందు పెట్టును. గ్రుడ్లు చిదిగిన పిమ్మట తోకకప్పలు నురుగునుండి జారి క్రింది నీటిలో పడును. గోదురుకప్ప గ్రుడ్లు పూసలదండలవలె పొడవైన జిగురుత్రాళ్లలో నుండి నీటిమొక్కలకు చుట్టుకొని కానవచ్చును. కావున కప్ప కనబడకపోయినను గ్రుడ్లను బట్టి అది ఏ జాతిదో కొంతవరకు తెలిసికొనవచ్చును.

కప్పలను చూచుటకు రాత్రియే తగిన కాలము. కాని ముందుగా పని చేయవలసినది కన్ను కాదు, చెవి. మనిషి అడుగుల సవ్వడికి గానము ఆగిపోవును. పరిశీలకుడు దీపమార్పి కదలక నిలువవలెను. కొంతసేపటికి ఒక గొంతు లేచును, దానివెంట మరియొకటి. సాధారణముగా కూయునది మగకప్ప. ఆడకప్పను పిలుచుటకే దాని గానము. బావురుకప్ప కూత గంభీరము. గోదురుకప్పది తెంపులేక సాగు ‘కుర్ ర్ ర్’ అను నాదము. చెట్టుకప్ప కొయ్యపై కొట్టినట్లు ‘టక్ టక్’ మని పలుకును. అంగుళమునకు మించని ఒక చిన్నకప్ప గడ్డిలో దాగి తన మేనికి పది రెట్లు పెద్దదైన ప్రాణివలె ‘గరగర’ మని అరచును. విన్న నాదమును తెలుగు అక్షరములలో పుస్తకమున వ్రాసికొనవలెను. తేదీ, వేళ, చోటు, వాన పడినదో లేదో, ఇవియు వ్రాయవలెను. కూత వచ్చు చోటు తెలియనిచో ఇద్దరు వేరువేరు దిక్కుల నిలిచి, ధ్వని వచ్చు వైపు చేయి చాపవలెను. ఆ రెండు గీతలు కలియు తావున కప్ప యుండును.

అటుపిమ్మట చేతిదీపమును కన్నుల ప్రక్కన పట్టి, వెలుగు నీటి అంచువెంట మెల్లగా పారజూచినచో కప్ప కన్నులు రెండు చుక్కలవలె మెరయును. కప్పలున్న చోటికి పాములును వచ్చును. కావున పిల్లలు పెద్దల తోడు లేనిదే పోరాదు. పాదములకు గట్టి చెప్పులు, చేత కర్ర యుండవలెను. కప్పను పట్టి సీసాలో వేయుట, ఒక చెరువు కప్పను వేరొక చెరువున విడుచుట తగదు. రోగములు అట్లు వ్యాపించును.

ఊరి చెరువున కానవచ్చునవి మనకు చిరపరిచితములు. పడమటి కనుమల యడవులలో ఇటీవలివరకు శాస్త్రలోకమునకు పేరైనను తెలియక దాగినవి పెక్కు కలవు. 2003లో ఎస్. డి. బిజు, ఫ్రాంకీ బోసైట్ అను శాస్త్రజ్ఞులు కేరళమునందలి ఒక కప్పను ‘నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్’ అను పేరుతో లోకమునకు తెలిపిరి. వంకాయరంగు మేను, మొనదేరిన ముట్టె గల ఆ కప్ప ఏడాదిలో అధికభాగము భూగర్భముననే యుండి చెదపురుగులను తినును; తొలకరికి కొలది దినములు మాత్రమే పైకి వచ్చును. దాని దగ్గరి చుట్టములు హిందూమహాసముద్రములోని సెషెల్స్ దీవులలో కలవు. మన భూభాగమును, ఆ దీవులును ఒకనాడు ఒకే భూఖండమున చేరియుండెననుటకు ఈ చిన్నప్రాణి యొక సాక్షి.

ఎరిగినంత మాత్రమున చాలదు; ఎరిగినదానిని కాపాడుకొనవలెను. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో జంతుశాస్త్రము బోధించిన సి. ఆర్. నారాయణరావు 1937లో పడమటి కనుమల కప్పలను పెక్కింటిని క్రొత్తగా వర్ణించెను. ఆయన భద్రపరచిన కప్పల నమూనాలు తరువాతికాలమున కనుమరుగైనవి. తరువాతి పరిశోధకులు ఆ వ్రాతలను పట్టుకొని మరల అడవులలో వెదకవలసి వచ్చెను. 2010లో ఒక పొదకప్పల ప్రజాతికి ‘రావోర్కెస్టిస్’ అని ఆయన పేరిట నామకరణము జరిగినది.

నమూనా పోయినచో మరల వెదకవచ్చును. జాతియే పోయినచో వెదకుటకేమియు మిగులదు. కప్పకు చర్మమే సగము ఊపిరి. అది నోటితో నీరు త్రాగదు, చర్మముద్వారా పీల్చుకొనును. పొలమున చల్లిన పురుగుమందు నీటిలో కలిసినచో అదే చర్మముద్వారా మేనిలో చేరును. కుంటలు పూడ్చినచో తోకకప్పలు పెరుగుటకు తావు లేదు. తొలివాన రాత్రులలో బాటలు దాటుచు బండ్లక్రింద నలిగిపోవునవి లెక్కకు అందవు. విదేశీయుల విందులకై బావురుకప్పల కాళ్లు ఒకప్పుడు ఏటేట వేలకొలది టన్నులు మన దేశమునుండి ఓడలకెక్కినవి. పైరుల పురుగులను తిను ప్రాణి తరిగిపోవుచున్నదని గ్రహించి ప్రభుత్వము 1987లో ఆ ఎగుమతిని నిషేధించెను. 2023లో వెలువడిన ప్రపంచవ్యాప్త గణన ననుసరించి ఉభయచర జాతులలో నూటికి ఇంచుమించు 41 అపాయస్థితిలో నున్నవి.

చెరువుగట్టున ప్రతి సంవత్సరము తొలకరి రాత్రి నిలిచి, విన్న గొంతులను పుస్తకమున వ్రాయు విద్యార్థికి కొన్ని యేండ్లకు ఒక విలువైన పట్టిక చేకూరును. ఐదు గొంతులు వినబడిన చోట ఒక యేడు మూడే వినబడినచో, వినువారందరికి అది ఎప్పటి కప్పల రొదయే. తక్కిన రెండును ఏమైనవని అడుగగలవాడు వానిని పేరుపేరున ఎరిగినవాడు మాత్రమే.