చెలకలో మొర్రి: సారపప్పు చేతికి రావాలంటే

పైన్ చెట్టు ఇచ్చే చిల్గోజా పప్పు హిమాచల్‌లోని కిన్నౌర్ చలికొండల పంట. మన ఎండలకు ఆ చెట్టు నిలవదు. మనకు మొర్రి ఉంది. ఎండకాలం గంపల్లో వచ్చే మొర్రి పండు తిని ఊసేసే గింజలోనే సారపప్పు ఉంటుంది. పాయసంలో, షీర్ ఖుర్మాలో పడేది అదే. మామిడికి, జీడిమామిడికి ఈ చెట్టు చుట్టం.

1. నేల: ఎర్ర చెలక, గరుసు నేల, పొలం గట్టు సరిపోతాయి. నీళ్లు నిలిచే వరి మడి పనికిరాదు.

2. విత్తనం: చెట్టు మీదే నల్లగా పండిన కాయలు తీసుకోండి. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, ఆ వానకాలమే విత్తాలి. నిల్వ పెట్టిన కొద్దీ మొలక శక్తి తగ్గుతుంది. పప్పుకు దెబ్బ తగలకుండా పెంకును కొద్దిగా చిట్లించి, రాత్రంతా నానబెడితే మొలక తొందరగా వస్తుంది.

3. నారు: తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి పొడవాటి సంచుల్లో పెంచండి.

4. నాటడం: మరుసటి ఏడు మృగశిర వానలకు, రెండడుగుల గుంతలో పశువుల ఎరువు వేసి నాటండి. ఎనిమిది మీటర్ల దూరం పాటిస్తే ఎకరానికి 60 మొక్కలు పడతాయి. మొదటి రెండు ఎండకాలాలు నీళ్లు పోయాలి, మేకలు మేయకుండా ముళ్ల కంప కట్టాలి. చెట్లు ఎదిగేదాకా నడుమ పెసర వేసుకోవచ్చు.

5. ఓపిక: గింజ మొక్క కాపుకు ఎనిమిది, పదేళ్లు పట్టొచ్చు. అంటు మొక్క అంతకన్నా ముందే కాస్తుంది.

6. కోత: చలికాలం చివర పూత, ఏప్రిల్, మే నెలల్లో పండు. వేరేవాళ్లు తెంపుకుపోతారన్న తొందరలో పచ్చికాయ దులిపితే లోపల పప్పు నిండి ఉండదు. కొమ్మ నరికితే వచ్చే ఏటి కాపు కూడా పోయినట్టే. కింద పట్టా పరిచి, పండినవే రాల్చండి. పిట్టలకు, మొలకలకు కొన్ని వదలండి.

7. పప్పు: పండ్లు రాత్రి నానబెట్టి, గోనెసంచిలో వేసి రుద్ది కడగాలి. గింజల్ని రెండు మూడు రోజులు ఎండబెట్టి, ఇసుర్రాయిలో మెల్లగా తిప్పి, చాటతో చెరగాలి. పప్పులో సగం దాకా నూనే ఉంటుంది. గాలి తగిలితే ముక్కిన వాసన వస్తుంది, అందుకే గట్టి మూత డబ్బాలో దాచండి. వెంటనే వాడకపోతే పెంకుతోనే ఉంచడం మేలు.

ఒకేసారి ఎకరం వేయనక్కర్లేదు. ఈ వానకాలం గట్టు మీద నాలుగు మొక్కలతో మొదలుపెట్టండి.