నాటు గొర్రెలను పశు ప్రదర్శనకు తయారు చేయుట

పాల సంఘాల పత్రికలో గొర్రెల సంగతి ఏమిటని కొందరు సభ్యులు అనుకోవచ్చు. సంఘాల తనిఖీకి ఊళ్ళు తిరిగేటప్పుడు మేము గమనించినదేమంటే, పొద్దున్నే రెండు లీటర్ల గేదె పాలు పోసి వెళ్ళే సభ్యుడే, ఆ వెంటనే ముప్పై నలభై జీవాలను తోలుకొని బీటికి పోతున్నాడు. గేదె వట్టిపోయిన నెలల్లో ఆ ఇంటిని నిలబెట్టేది గొర్రె. పశు ప్రదర్శన జరుగుతుందని తెలిసినప్పుడు ఎద్దులకు, గేదెలకు పోటీ పడే సభ్యులు గొర్రెలను మాత్రం ఇంటివద్దనే వదలివస్తారు. తీసుకువచ్చిన కొద్దిమందీ ఏ విభాగంలో కట్టాలో తెలియక, జీవం మంచిదయ్యుండి కూడా ఒట్టి చేతులతో తిరిగిపోతున్నారు. అందుచేత ఈ పాఠం.

మొదట ఒక సంగతి చెప్పాలి. బహుమతి సొమ్ము చాలాచోట్ల ఆటో బాడుగకు కూడా చాలదు. లాభమంతా వేరే చోట ఉంది. బహుమతి పొందిన పొట్టేలు ఏ ఊరిదో నలుగురికీ తెలుస్తుంది. దాని పిల్లలను విత్తనానికి అడుగుతూ వస్తారు. కటికవాని ధరకూ విత్తనపు ధరకూ ఉన్న తేడాయే రైతుకు మిగిలే బహుమతి.

ఇక జాతి గుర్తింపు. ప్రవేశ పత్రంలో మొదటి గడి అదే. నెల్లూరు గొర్రె ఉన్ని లేని మాంసపు జాతి. మన దేశపు గొర్రెలన్నిటిలోకి పొడగరిదని పేరు. పొడవైన కాళ్ళు, కొంచెం ఉబ్బెత్తుగా వంగిన ముక్కు దూలం, వేలాడే పొడవాటి చెవులు, పొట్టి సన్నని తోక దీని లక్షణాలు. పొట్టేలుకు కొమ్ములుంటాయి, ఆడ గొర్రెకు ఉండవు. చాలా వాటికి మేకకున్నట్లు మెడ చన్నులు ఉంటాయి గాని, లేనంతమాత్రాన జాతి కాదనరాదు. ఇందులో మూడు రకాలున్నాయి. ఒంటి నిండా తెలుపు, లేదా తల, మెడ మీద లేత గోధుమ మచ్చలున్నది పల్ల. తెల్లని ఒంటితో పెదవులు, కళ్ళ చుట్టూ, కింది దవడ మీద నల్ల మచ్చలున్నది జోడిపి. కొన్ని ఊళ్ళలో జూడిపి అంటారు. ఒళ్ళంతా ఎర్రని గోధుమ రంగున్నది దొర. 1982లో ఆచార్యగారు భారతదేశపు గొర్రె, మేక జాతులపై రాసిన గ్రంథంలో నెల్లూరు పొట్టేలు సగటు బరువు సుమారు 36 కిలోలు, ఆడ గొర్రెది సుమారు 30 కిలోలుగా ఇచ్చారు. బాగా మేపిన విత్తనపు పొట్టేలు దీనిని సులువుగా దాటుతుంది. పల్నాటి వైపు పెద్ద పెద్ద నల్ల మచ్చలతో, గోధుమ మచ్చలతో కనిపించే మాచర్ల గొర్రెకు ఇటీవలి కాలంలో వేరు జాతిగా జాతీయ నమోదు లభించింది. దానిని నెల్లూరు విభాగంలో కట్టవలసిన పని ఇప్పుడు లేదు.

తెలంగాణలో, ముఖ్యంగా మహబూబ్‌నగర్ వైపు, నల్లని దక్కని గొర్రె ఉంది. మధ్యరకం ఒడ్డూ పొడుగూ, ఒంటి నిండా మొరటు ఉన్ని. గొంగడి దీని చలవే. ఈ జాతి విషయంలో మేము చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు.

కొన్నేళ్ళ కిందట ఒక మండల ప్రదర్శనకు మన సభ్యుడైన ఒక పెద్దాయన నల్లని పొట్టేలును తెచ్చాడు. మంచి బరువు, చూడ ముచ్చటగా ఉంది. ఆయనకు చదువు రాదు గనుక పత్రం మేమే నింపి, రంగు చూసి 'దక్కని' అని రాశాము. న్యాయనిర్ణేతగా వచ్చిన పశువైద్యులు దాని భుజం మీద, పక్క మీద, తొడ మీద వేళ్ళతో పాయ తీసి చూశారు. ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకే ఉంది. చెవులు చూస్తే నెల్లూరు సాగు. కలగలుపు జీవమని పక్కకు తీయించారు. పక్క గుంజకు కట్టిన చిన్నపాటి ఆడ గొర్రె, బరువులో దీనికి చాలా తక్కువ, మొదటి బహుమతి తీసుకుంది. మేము ఆయనకు ముఖం చూపలేకపోయాము. ఆయన మాత్రం కోపగించలేదు. "ఎర్ర పొట్టేలు మందల దిగినంక బరువైతే వచ్చింది సారూ, గొంగడి పోయింది. గిది నాకు ఎరికే. కాయితంల ఏం రాస్తరో మీకెరిక" అన్నాడు.

ఆ మాటను మేము ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాము. మాంసానికి ధర పెరిగిన కొద్దీ దక్కని మందల మీద నెల్లూరు, ముఖ్యంగా ఎర్ర పొట్టేళ్ళను వదలడం ఊరూరా జరిగింది. పిల్ల త్వరగా బరువు పెరుగుతుంది, నిజమే. అయితే రెండు మూడు తరాలకు ఉన్ని పోతుంది. ఉన్ని కత్తిరించే కూలి కూడా రాదని అనేవారి మాటలో న్యాయం లేకపోలేదు. కాని చలికి, వానకు, దూరపు మేత నడకకు ఓర్చే గుణం ఆ నల్ల గొర్రెలో ఉన్నదనీ, అది పోయాక తిరిగి తెచ్చుకోవడానికి దుకాణంలో దొరకదనీ కాపరులకే మనకంటె బాగా తెలుసు. ప్రదర్శనలో అన్ని గొర్రెలనూ ఒకే వరుసలో కట్టి, తక్కెడ మీద ఎక్కువ తూగినదానికి బహుమతి ఇచ్చినట్లయితే, నల్ల గొర్రెను తీసివేయమని రైతుకు మనమే చెప్పినట్లు అవుతుంది. అందువల్ల సంఘ కార్యదర్శులకు మా మనవి ఏమిటంటే, ప్రదర్శన ప్రకటన రాగానే నిర్వాహకులను కలిసి, జాతివారీగా, పొట్టేళ్ళకూ ఆడవాటికీ వేరువేరుగా విభాగాలు పెట్టమని ముందే అడగండి. ప్రదర్శన రోజున అడిగితే పని జరగదు.

వయసు విషయం. విభాగాలు తరచు పళ్ళను బట్టి ఉంటాయి. గొర్రెకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. ఏడాది, ఏడాదిన్నర మధ్య నడిమి పాలపళ్ళు రెండు ఊడి పెద్ద పళ్ళు వస్తాయి. సుమారు రెండేళ్ళకు నాలుగు, మూడేళ్ళ లోపు ఆరు, నాలుగేళ్ళ లోపు ఎనిమిదీ పూర్తి అవుతాయి. పళ్ళు చూసేటప్పుడే దవడ కూడా చూడండి. కింది పళ్ళు పై చిగురుకు సరిగా ఆనాలి. ముందుకు గాని వెనక్కు గాని పోయిన దవడ గల జీవం మేత సరిగా కొరకలేదు, ఆ లోపం పిల్లలకు కూడా దిగుతుంది. పొట్టేలుకు వృషణాలు రెండూ కిందికి దిగి, సమానంగా, గట్టిగా ఉండాలి. ఒకటే ఉన్నదానిని ఎంత అందంగా ఉన్నా ఇంటివద్దనే ఉంచండి. ఆడ గొర్రె పొదుగులో గడ్డలు ఉండరాదు, చన్నులు రెండూ పనిచేయాలి. నడుము నిటారుగా, గిట్టలు సమంగా ఉండాలి. పెరిగిన గిట్టలను ప్రదర్శనకు రెండు మూడు వారాల ముందే చెక్కించాలి. ముందు రోజు చెక్కితే కుంటుతుంది.

మేపు రెండు నెలల ముందు మొదలు కావాలి. బీటి మేత మానవద్దు. సాయంత్రం దొడ్డికి చేరాక వేరుశనగ తీగ, అవిసె ఆకు వంటివి వేసి, తవుడు, జొన్న నూక, వేరుశనగ చెక్క కలిపిన దాణా 100 గ్రాములతో మొదలుపెట్టి, మెల్లగా 250 నుండి 300 గ్రాముల దాకా పెంచవచ్చు. ఒక్కసారిగా గింజలు పోస్తే ఏమవుతుందో చాలామంది చూసే ఉంటారు. రాత్రి బాగున్న జీవం తెల్లవారేసరికి చచ్చి ఉంటుంది. అది చిటుక రోగం. దాని టీకా ముందుగానే వేయించి ఉండాలి. కొవ్వు పట్టించడం కూడా మంచిది కాదు. వేలు పెడితే వెన్నెముక తగలాలి గాని పొడుచుకు రాకూడదు.

అన్నిటికంటె అశ్రద్ధ జరిగేది నడక నేర్పడంలో. గొర్రె మంద జీవం. ఒంటరిగా తాడు కట్టి జనంలోకి తెస్తే బెదరి పడుకుంటుంది, లేదా గుంజ చుట్టూ తిరిగి మెడ బిగించుకుంటుంది. నెల రోజుల ముందు నుండి రోజూ కాసేపు తలకట్టు వేసి, ఇంటి పిల్లల చేత నడిపించి, నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబడడం అలవాటు చేయాలి. ఈ పనిలో పిల్లలే పెద్దల కంటె నేర్పరులు. ప్రదర్శనకు దానితో పెరిగిన మరొక గొర్రెను తోడు తీసుకుపోతే సగం బెదురు తగ్గుతుంది. రెండు పొట్టేళ్ళను మాత్రం పక్కపక్కన కట్టకండి. కొమ్ము విరిగిన తరువాత బాధపడి లాభం లేదు.

నెల్లూరు గొర్రెను ముందు రోజు కుంకుడు రసంతో కడిగి ఎండలో ఆరబెట్టవచ్చు. దక్కనిని అలా కడగరాదు. ఉన్నిలోని జిడ్డు పోతే నిగారింపు పోతుంది. గడ్డిపరకలు, పల్లేరుకాయలు చేత్తో ఏరివేస్తే చాలు. రంగు పూయడం, మచ్చలు దిద్దడం మాత్రం చేయవద్దు. జోడిపి మచ్చకు మసి పూసి తెచ్చిన ఒకాయన సంగతి మాకు తెలుసు. న్యాయనిర్ణేత తడి చేతి రుమాలు తీసి ఒక్కసారి తుడిచారు, పందిరంతా నవ్వింది. ఆ ఊరి సంఘం పేరు కూడా దానితో పాటు చెడింది.

లెక్క పుస్తకం ఉన్న జీవానికి విలువ ఎక్కువ. ఎప్పుడు పుట్టింది, తల్లి ఏది, తల్లి ఎన్ని ఈతలు ఈనింది, మూడు నెలలకు, ఆరు నెలలకు బరువెంత, చెవి పోగు సంఖ్య ఏమిటి, ఏ టీకా ఎప్పుడు వేశారు, ఇంతే చాలు. పాల సంఘంలో రిజిస్టరు రాసే చేయి, తూకం వేసే యంత్రం రెండూ ఉన్నాయి. పాలు పోయడం అయ్యాక ఒక ఆదివారం జీవాల తూకానికి కేటాయిస్తే సంఘానికి వచ్చే నష్టం లేదు. బల్లను మాత్రం కడిగి పాల క్యాన్లకు అప్పగించాలి.

రోగం విషయంలో ఉదాసీనత పనికిరాదు. పది ఊళ్ళ జీవాలు ఒకచోట చేరేది ప్రదర్శనలోనే. గాలికుంటు, పి.పి.ఆర్., బొబ్బ రోగం టీకాలు కనీసం మూడు వారాల ముందు వేయించి, పశువైద్యుల ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోవాలి. ముక్కు కారుతున్నదానిని, పారుతున్నదానిని, నోటిలో పుండ్లున్నదానిని తీసుకుపోరాదు. నీళ్ళ బకెట్టు, మేత తొట్టి మనవే పట్టుకుపోవాలి. తిరిగి వచ్చాక ఆ జీవాన్ని నేరుగా మందలో కలపకుండా మూడు వారాలు వేరే కట్టాలి. బహుమతి వచ్చిన సంబరంలో అదే రాత్రి దొడ్డిలో వదలి, నెల తిరగకముందే పిల్లలను పోగొట్టుకున్న ఇళ్ళు మాకు తెలుసు.

చివరగా, ప్రదర్శన ముగిసే వేళ పందిరి చుట్టూ తిరిగేవారిలో బేరగాళ్ళు కూడా ఉంటారు. బక్రీదు దగ్గరలో ఉంటే చెప్పనక్కరలేదు. మొదటి బహుమతి పొందిన పొట్టేలు మెడలో పూలదండ వాడకముందే టెంపో ఎక్కిన సంగతి మేము కళ్ళారా చూశాము. రైతును తప్పుపట్టలేము, ఆయనకు ఆ డబ్బు అవసరం. కాని ఒక పొట్టేలు ఒక కాలంలో 25, 30 ఆడ గొర్రెలకు సరిపోతుంది. రెండేళ్ళు విత్తనానికి వాడి, సొంత కూతుళ్ళ మీదికి రాకముందే మరొక ఊరి సభ్యునితో మార్చుకుంటే రెండు మందలూ బాగుపడతాయి. గొర్రెల పెంపకందారుల సహకార సంఘం ఉన్న ఊళ్ళలో వారితో మాట్లాడి, అటువంటి పొట్టేలును సంఘమే కొని వంతుల వారీగా తిప్పే ఏర్పాటు చేయవచ్చు. ఇందుకు తీర్మానం ఎలా రాయాలి, పొట్టేలు మేపు ఖర్చు ఏ పద్దులో చూపాలి అనే సందేహాలుంటే, తనిఖీకి వచ్చినప్పుడు అడగండి. నమూనా మా వద్ద ఉంది.