ఎడారి నుండి బోనుకు, బోను నుండి ఎడారికి

వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళే రాస్ తనూరా తెలుగు కుటుంబాలు హైదరాబాదులో పిల్లలకు చూపించే స్థలాలలో చార్మినారు, గోలకొండలతో పాటు నెహ్రూ జంతుప్రదర్శనశాల కూడా ఉంటుంది. మీర్ ఆలం చెరువు పక్కన దాదాపు 380 ఎకరాలలో విస్తరించిన ఈ ఉద్యానం 1963 అక్టోబరు 6న ప్రజలకోసం తెరుచుకున్నది. పెద్దలు చెట్టునీడ వెదుక్కుంటూ ఉండగా, పిల్లలు మాత్రం అడగవలసిన ప్రశ్న అడుగుతారు: "దీన్ని అడవిలో వదిలేయకుండా ఇక్కడెందుకు ఉంచారు?" అందరూ చూడటానికి అని చెప్పి ఊరుకోవడం తేలిక. అంతకంటె మంచి సమాధానం ఈ కుటుంబాలు సంవత్సరమంతా నివసించే సౌదీ అరేబియా ఇసుకలోనే ఉన్నది.

అరేబియా ఓరిక్స్ అనే తెల్లని ఎడారి జంతువును ఇక్కడివారు 'మహా' అంటారు. ఆ పేరు ఆడపిల్లలకు కూడా పెట్టుకుంటారు. దోహా మీదుగా ప్రయాణించినవారు ఖతార్ విమానాలపై దీని తలను, నిటారైన పొడవాటి కొమ్ములను చూసే ఉంటారు. నీటిని పొదుపు చేయడంలో ఇది ఆరితేరినది. వేసవిలో పగలు దీని శరీర ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది. రాత్రి చల్లగాలికి ఆ వేడి బయటికి పోతుంది. లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 80 కిలోల జంతువు 4 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 265 కిలోకాలరీల ఉష్ణం శరీరంలో నిలువ ఉంటుంది. అంత వేడిని చెమటగానో శ్వాసద్వారానో వదిలించుకోవాలంటే, గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 0.58 కిలోకాలరీలు కావాలి కనుక, అర లీటరుకు కొంచెం తక్కువ నీరు ఖర్చవుతుంది. ఎడారిలో రోజుకు అర లీటరు నీరు సామాన్యమైన ఆదా కాదు.

ఎండను జయించిన ఈ జంతువు తుపాకిని, మోటారు వాహనాన్ని జయించలేకపోయింది. ఇసుకలో ఎంత దూరమైనా తరుముకు వెళ్ళగల వాహనాలు వచ్చిన తరువాత ఓరిక్స్ మందలు త్వరత్వరగా అంతరించాయి. 1962లో బ్రిటిష్ జంతు సంరక్షకుల బృందం ఒకటి నాటి ఏడెన్ రక్షిత ప్రాంతపు ఎడారిలో వెదకి పట్టుకోగలిగినవి నాలుగే. వాటిలో ఒకటి చనిపోయింది. మిగిలిన మూడింటిని, పొడి వాతావరణం సరిపడుతుందని, అమెరికాలోని ఫీనిక్స్ జంతుప్రదర్శనశాలకు చేర్చారు. లండన్ నుండి ఒకటి, కువైట్ నుండి ఒకటి, సౌదీ రాజు ఇచ్చిన నాలుగు కలిసి మొత్తం తొమ్మిది. స్వేచ్ఛగా తిరిగే చివరి ఓరిక్స్ 1972లో ఒమాన్‌లో వేటగాళ్ళ పాలయింది. ఆనాటికి ఫీనిక్స్ మంద వంటివి లేకపోతే కథ అక్కడితో ముగిసేది.

అలా పెరిగిన సంతతిని 1982లో ఒమాన్ ఎడారిలో తిరిగి వదిలారు. సౌదీ అరేబియాలో 1986లో తాయిఫ్ దగ్గర పరిశోధన కేంద్రం ఏర్పడింది. 1990లో కంచె వేసిన మహాజత్ అస్‌సయ్ద్ ప్రాంతంలోకి, 1995లో రుబ్ అల్ ఖాలీ పడమటి అంచున గల ఉరూక్ బనీ మఆరిద్‌లోకి ఓరిక్స్ తిరిగి అడుగుపెట్టింది. ఈ రెండవ స్థలానికి 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. ఒమాన్‌లో మాత్రం అనుభవం చేదుగా పరిణమించింది. 1990ల మధ్యకు సుమారు 400కు చేరిన మందను దొంగవేటగాళ్ళు కొల్లగొట్టారు. తరువాత అభయారణ్యం విస్తీర్ణాన్ని కూడా బాగా తగ్గించారు. 2007లో యునెస్కో ఆ అభయారణ్యాన్ని తన జాబితా నుండి తొలగించింది. జంతువును కాపాడి ఇవ్వడం వరకే జంతుప్రదర్శనశాల పని. నిలుపుకోవడం చుట్టుపక్కల మనుషుల చేతిలో ఉన్నది.

హైదరాబాదులోనూ ఇటువంటి ప్రయత్నమే మరొక జంతువు విషయంలో జరిగింది. సందర్శకులు గుమిగూడేది తెల్లపులి దగ్గర. నిజానికి తెల్లరంగు ఒక అరుదైన జన్యుమార్పు ఫలితం. బోనులలోని తెల్లపులులు దాదాపు అన్నీ 1951లో రేవా సంస్థానంలో పట్టుబడిన ఒకే పులిపిల్ల సంతతి. దగ్గరి బంధువులను జతకలిపి పెంచిన ఈ వంశం అడవికి ఉపయోగపడేది కాదు. ఎవరూ అంతగా పట్టించుకోని మూషిక జింక కథ వేరు. ఇది కొమ్ములు లేని, కుందేలంత జంతువు; బరువు మూడు కిలోల ప్రాంతం; రాత్రివేళనే తిరుగుతుంది. 2010లో ఆరు మూషిక జింకలతో నెహ్రూ ఉద్యానమూ, సీ.సీ.ఎం.బీ.కి చెందిన అత్తాపూర్ ప్రయోగశాల లాకోన్స్ కలిసి పెంపకం ఆరంభించాయి. బెదిరే స్వభావంగల ఇటువంటి జంతువును పట్టుకుని రక్తం తీస్తే ఆ భయమే ప్రమాదం. అందువలన పేడలోని హార్మోను అవశేషాలను కొలిచి ఆడజంతువు స్థితిని తెలుసుకునే పద్ధతిని అనుసరించారు. ప్రసవించిన కొద్ది గంటలకే తల్లి మళ్ళీ జతకడుతుందని ఈ పెంపకంలో గమనించారు. మంద వందల సంఖ్యకు పెరిగింది. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచిపెట్టారు.

ఇదే ఉద్యానంలో 2000 అక్టోబరులో 'సఖి' అనే ఆడపులిని దుండగులు బోనులోనే చంపి చర్మం ఒలిచారు. ఆ దుర్ఘటనను నగరం చాలాకాలం మరువలేదు. నేడు ఎవరైనా కొంత సొమ్ము చెల్లించి ఒక జంతువు పోషణను దత్తత తీసుకొనే పథకం అక్కడ ఉన్నది. సెలవులకు వెళ్ళే కుటుంబాలు విచారించదగినది. చిప్స్ పొట్లాం జింకకు అందించకుండా పిల్లవాడి చెయ్యి పట్టుకోవడానికి మాత్రం పథకమేదీ అక్కరలేదు.

2021 మే నెలలో ఈ ఉద్యానంలోని ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు లాకోన్స్ పరీక్షలలో తేలింది. ముక్కు, గొంతుల నుండి తీసిన నమూనాలలో కొత్త రకం వైరస్ ఏదీ కనిపించలేదు. మనుషులలో తిరుగుతున్నదే వాటికీ చేరింది. అప్పటికే ఉద్యానానికి సందర్శకుల రాకను ఆపివేశారు. సింహాలు ఎనిమిదీ కోలుకున్నాయి.