మీ ఇంట్లో ఒక సార్జెంట్ ఉన్నారేమో అడిగి చూడండి



మన ఇళ్లలో "ర్యాంకు" అనగానే మార్కుల జాబితాయే గుర్తొస్తుంది. క్లాసులో ఫస్ట్ ర్యాంకు, ఎప్‌సెట్‌లో ర్యాంకు. అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప. అందుకే ఎన్‌సీసీ యూనిఫాంలో ఇంటికొచ్చిన పిల్లలు "నాకు లాన్స్ కార్పోరల్ ర్యాంకు వచ్చింది" అనగానే "మరి ఫస్ట్ ఎవరికొచ్చింది?" అని అడిగేస్తాం. పోయిన పేరెంట్-టీచర్ మీటింగులో ఒక నాన్నగారు నన్ను అడిగారు: "మేడం, మా అమ్మాయిని కార్పోరల్ దగ్గరే ఎందుకు ఆపేశారు? పరీక్ష సరిగ్గా రాయలేదా?"

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. మాట ఒకటే, అర్థాలు రెండు, అంతే. పరీక్షలో ర్యాంకు అంటే మీ పిల్లలు ఎంతమంది కంటే ముందున్నారో చెప్పే అంకె. ఎన్‌సీసీలో ర్యాంకు అంటే మీ పిల్లలు ఎంతమందిని చూసుకోవాలో చెప్పే బాధ్యత.

స్కూలు స్థాయిని ఎన్‌సీసీలో జూనియర్ డివిజన్ అంటారు, అమ్మాయిలదైతే జూనియర్ వింగ్. చేరిన ప్రతి ఒక్కరూ మొదట కేడెట్. ఆ పైన ఆర్మీ విభాగంలో లాన్స్ కార్పోరల్, కార్పోరల్, సార్జెంట్, కంపెనీ క్వార్టర్ మాస్టర్ సార్జెంట్, కంపెనీ సార్జెంట్ మేజర్ ఉంటాయి. కాలేజీ స్థాయిలో వీటిపైన జూనియర్ అండర్ ఆఫీసర్, సీనియర్ అండర్ ఆఫీసర్ అనే మరో రెండు మెట్లుంటాయి. నేవీ, ఎయిర్ విభాగాల్లో కొన్ని పేర్లు మారతాయి.

చేతి మీద ఒక గీత ఉంటే లాన్స్ కార్పోరల్, రెండుంటే కార్పోరల్, మూడుంటే సార్జెంట్. మీ ఊళ్లో సైన్యం నుంచి హవల్దారుగా రిటైరైన మామయ్యో బాబాయో ఉంటే ఆయనకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఆర్మీలో లాన్స్ నాయక్‌ది ఒక గీత, నాయక్‌ది రెండు, హవల్దారుది మూడు. పేర్లు వేరైనా గీతల లెక్క అదే.

ఇక పని సంగతి. సెక్షన్ అంటే సుమారు పదిమంది ఉండే చిన్న జట్టు. వాళ్లందరూ టైముకు వచ్చారా, బూట్లు పాలిష్ చేసుకున్నారా, ఎండలో ఎవరికైనా కళ్లు తిరుగుతున్నాయా అని చూసుకోవడం ఆ జట్టు కార్పోరల్ పని. లాన్స్ కార్పోరల్ ఆయనకు కుడిభుజం. క్వార్టర్ మాస్టర్ సార్జెంట్ చేతిలో సామాను ఉంటుంది: ఎన్ని బెల్టులు ఇచ్చాం, ఎన్ని తిరిగొచ్చాయి, క్యాంపులో ప్లేట్లు సరిపోయాయా అని ఆ లెక్కంతా చూస్తారు. సార్జెంట్ మేజర్‌ది పరేడ్, క్రమశిక్షణ. నా ఉద్దేశంలో వీటిలో అన్నిటికంటే కష్టమైనది సామాను లెక్కే. దానికి చప్పట్లు రావు, ఒక్క బెల్టు తక్కువైనా మాట మాత్రం పడాలి.

ఒక యూనిట్‌లో ఏ ర్యాంకులు ఎన్ని ఉండాలో కేడెట్ల సంఖ్యను బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. కాబట్టి ఎంత బాగా చేసినా అందరూ సార్జెంట్లు కాలేరు. ఆ అమ్మాయి నాన్నగారికి నేను చెప్పింది ఇదే: "సార్, ఆమెను ఆపలేదు. పదిమందిని ఆమె చేతిలో పెట్టారు."

ఇంకో తికమక కూడా ఉంది. రిపోర్టు కార్డులో "ఏ" వస్తే సంతోషిస్తాం, "సీ" వస్తే దిగులు పడతాం. ఎన్‌సీసీ సర్టిఫికెట్లలో ఇది తలకిందులు. స్కూల్లో రెండేళ్లు శిక్షణ పూర్తిచేసి పరీక్ష రాసేది "ఏ" సర్టిఫికెట్‌కు. కాలేజీలో రెండేళ్ల తర్వాత "బీ", మూడేళ్లు పూర్తయ్యాక "సీ". అన్నిటికంటే పెద్దది "సీ"నే. డిగ్రీలో కనీసం 50 శాతం మార్కులు, "సీ" సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడ్ ఉన్నవారికి ఆర్మీ అధికారుల ఎంపికలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అనే దారి ఉంది. వయసు వంటి మిగతా అర్హతలు కూడా సరిపోతే, రాత పరీక్ష లేకుండా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు. అలాగని ఎన్‌సీసీలో చేరితే సైన్యంలోకి వెళ్లి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. 1948 నాటి ఎన్‌సీసీ చట్టం ప్రకారం కేడెట్లకు సైనిక సేవ బాధ్యత ఉండదు. అమ్మమ్మలకు, నానమ్మలకు ఈ ఒక్క మాట తప్పక చెప్పండి.

ఎనిమిదో తరగతిలో చేరితే "ఏ" సర్టిఫికెట్ శిక్షణ తొమ్మిదితో పూర్తవుతుంది. "టెన్త్‌కు అడ్డం వస్తుందేమో" అన్న భయం చాలావరకు అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు మీ గురించి. ఈ పత్రిక చదువుతున్న మీలో కొందరు ఒకప్పుడు కేడెట్లే. ఆ విషయం మీ పిల్లలకు తెలుసా? మా క్లాసు పిల్లలను "మీ ఇంట్లో ఎవరైనా ఎన్‌సీసీ చేశారా?" అని అడిగితే ఎక్కువమంది తెల్లమొహం వేశారు. వారం తర్వాత ఒక అమ్మాయి వచ్చి, "మేడం, మా అమ్మ డిగ్రీలో సార్జెంట్ అట, నాకెప్పుడూ చెప్పలేదు" అంది. ఆ సర్టిఫికెట్ పెళ్లినాటి బట్టల పెట్టెలో, పట్టుచీరల అడుగున దొరికిందట.

తాతగార్లను కూడా అడగండి. 1962 యుద్ధం తర్వాత, 1963 నుంచి 1968 వరకు కాలేజీల్లో చదివే అబ్బాయిలకు ఎన్‌సీసీ తప్పనిసరిగా ఉండేది. ఆ రోజుల్లో డిగ్రీ చదివిన తాతగారు మీ ఇంట్లో ఉంటే, ఆయన పరేడ్ చేసే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆయన కాగితం మీద "ఎన్‌సీసీ రైఫిల్స్" అని ఉంటే ఆశ్చర్యపోకండి. 1960లో మొదలై, తర్వాత సీనియర్ డివిజన్‌లో కలిసిపోయిన విభాగం అది.

పాత స్నేహితులను వెతకాలంటే ఆ సర్టిఫికెట్టే మంచి ఆధారం. దాని మీద బెటాలియన్ పేరు, కాలేజీ పేరు, మీ రెజిమెంటల్ నంబరు ఉంటాయి. కాలేజీ పూర్వ విద్యార్థుల గ్రూపులో "ఫలానా సంవత్సరం ఎన్‌సీసీ బ్యాచ్" అని అడిగేటప్పుడు ఆ వివరాలతో పాటు మీ అప్పటి ర్యాంకు కూడా చెప్పండి. పదిరోజుల క్యాంపులో కలిసి ఉన్నవారికి పేరు మరచిపోయినా "మన సార్జెంట్" ఎవరో గుర్తుంటారు. అమ్మల విషయంలో మాత్రం ఒక చిక్కుంది. సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఫోన్లలో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. కాబట్టి మీ పాత స్నేహితురాళ్లను వెతికేటప్పుడు పాత ఇంటిపేరుతో అడగండి. మీ పేరు చెప్పేటప్పుడు కూడా రెండు ఇంటిపేర్లూ చెప్పండి.

పూర్వ కేడెట్ల కోసం దేశమంతటికీ కలిపి ఎన్‌సీసీ అల్యూమ్ని అసోసియేషన్ ఉంది. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2021 నవంబరు 19న ఝాన్సీలో దాన్ని ప్రారంభించారు. ఆయనే తొలి సభ్యుడు.

దొరికిన సర్టిఫికెట్‌ను, పాత ఫొటోను పిల్లల ముందు పెట్టి మీ ర్యాంకు ఏమిటో చెప్పండి. ఆ తర్వాత "నీ జట్టులో ఎంతమంది?" అని అడగండి. మీ జట్టులో ఎంతమంది ఉండేవారో, అందరికంటే ఇబ్బంది పెట్టినవారెవరో కూడా చెబితే వాళ్లు ఇంకా ఇష్టంగా వింటారు.

ఎన్‌సీసీ దినోత్సవం నవంబరు నాలుగో ఆదివారం వస్తుంది. ఆ వారంలో ఒకరోజు పూర్వ కేడెట్లయిన తల్లిదండ్రులను, తాతగార్లను మా క్లాసుకు పిలవాలనుకుంటున్నాం. ఉపన్యాసం అక్కర్లేదు, పావుగంట పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబితే చాలు. రాగలిగినవారు మీ అప్పటి ర్యాంకు, కాలేజీ, సంవత్సరం పిల్లల డైరీలో రాసి పంపండి. అమ్మలూ, దయచేసి మీరు కూడా.