పోలీసు ఫైరింగ్ రేంజి: పాశమైలారం వాసుల ప్రశ్నలు, జవాబులు

పాశమైలారం పారిశ్రామికవాడ చుట్టుపక్కల వాళ్ళకు తుపాకి కొత్త కాదు. భానూరులో క్షిపణులు తయారుచేసే బీడీఎల్ దగ్గర సీఐఎస్ఎఫ్ జవాన్లు, ఎద్దుమైలారంలో యుద్ధవాహనాలు తయారుచేసే ఫ్యాక్టరీ, ఇస్నాపూర్ చౌరస్తాలో క్యాష్ వ్యాను దిగే గన్‌మన్ రోజూ కళ్ళ ముందే ఉంటారు. తుపాకి కాల్చడం ఎక్కడ నేర్చుకోవాలి, ఎవరికి అనుమతి ఉంది, రేంజి పక్కన బతికేవాళ్ళ హక్కులేమిటి అన్నవి మాత్రం చాలామందికి తెలియవు.

పోలీసుల రేంజిలోకి మామూలు మనిషి వెళ్ళొచ్చా?

హక్కుగా వెళ్ళలేరు. అది పోలీసు శాఖ తన సిబ్బంది శిక్షణ కోసం పెట్టుకున్న స్థలం. పార్కులాగా అందరికీ తెరిచి ఉంచేది కాదు. జిల్లాలో ఎస్పీ, కమిషనరేట్‌లో కమిషనర్ అనుమతిస్తేనే లోపలికి అడుగు పెట్టాలి. గోడ దూకితే, పరిస్థితిని బట్టి భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశం కేసు పెట్టొచ్చు. మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా పడే నేరమది.

ఆయుధాలను దగ్గరగా చూడాలనుకునే పిల్లలకు వేరే దారి ఉంది. అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినోత్సవం సందర్భంగా పెట్టే ఓపెన్ హౌస్‌లలో తుపాకులు బల్లల మీద పరిచి చూపిస్తారు. కాలేజీ పిల్లలైతే ఎన్‌సీసీలో చేరవచ్చు. అక్కడ క్రమశిక్షణతో .22 రైఫిల్ కాల్చడం నేర్పుతారు.

డబ్బు కడతామంటే కాల్చనివ్వరా?

ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. అయితే ఇస్తే బాగుంటుందని గట్టిగా నమ్ముతాను. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం తుపాకి లైసెన్స్ కోరేవాళ్ళు ఆయుధ భద్రత శిక్షణ పూర్తి చేయాలి. తుపాకి పట్టుకోవడం, తీసుకెళ్ళడం, ఇంట్లో దాచడం, కాల్చే పద్ధతి అన్నీ అందులో ఉంటాయి. మరి ఆ శిక్షణ ఎవరివ్వాలి? కేరళలో ఈ ప్రశ్న హైకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు ఆదేశం తర్వాత 2022లో అక్కడి పోలీసులు 5,000 రూపాయల రుసుముతో ఆర్మ్‌డ్ రిజర్వ్ క్యాంపుల్లో శిక్షణకు ఏర్పాటు చేశారు. లైసెన్స్ ఉండీ తుపాకి సరిగ్గా పట్టడం రాని మనిషి ఇంట్లోవాళ్ళకే ప్రమాదం. నేర్పగలిగిన ఆర్మరర్లు (ఆయుధాలు చూసుకునే సిబ్బంది), తూటాలను ఆపే మట్టికట్ట, లెక్క రాసే పుస్తకం అన్నీ పోలీసుల దగ్గరే ఉన్నాయి. నెలకు ఒక్కరోజు కేటాయించినా మన దగ్గర ఈ పని జరుగుతుంది.

లైసెన్స్ ఎవరిస్తారు?

కమిషనరేట్ పరిధి అయితే కమిషనర్, లేకపోతే కలెక్టర్. కాబట్టి మీ ఇల్లు ఏ పరిధిలోకి వస్తుందో ముందు పోలీస్ స్టేషన్‌లో కనుక్కోండి. వయసు 21 దాటాలి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అదే సవరణ ప్రకారం పెళ్ళి బరాత్‌లోనో మరో వేడుకలోనో జనం ప్రాణాల మీదికి తెచ్చేలా గాల్లోకి కాలిస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తుపాకికి లైసెన్స్ ఉంది కదా అంటే కుదరదు.

మా అమ్మాయికి షూటింగ్ ఆట నేర్పించాలి. దానికీ పోలీసులేనా?

అక్కర్లేదు. పది మీటర్ల పోటీలో వాడే .177 ఎయిర్ గన్‌కు, 20 జౌళ్ళ శక్తి దాటకపోతే, లైసెన్స్ అవసరం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న క్రీడల షూటింగ్ రేంజి మన బెల్టుకు దగ్గర. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడే. పిస్టల్ షూటర్ ఈషా సింగ్ 13 ఏళ్ళకే జాతీయ చాంపియన్ అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది. పెన్సిల్ ములుకంత చుక్క మీద గురి నిలపాలంటే కండబలంతో పనిలేదు, ఊపిరి అదుపులో ఉండాలి. ఆడపిల్లలు ఇందులో రాణించడం చూస్తున్నాం. సామాను ఖరీదైనదే. అందుకే ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు ఈ ఆట దాకా రాలేకపోతున్నారు. ఇక్కడి కంపెనీలు తమ సీఎస్ఆర్ నిధులతో నాలుగు ఎయిర్ రైఫిళ్ళు ఒక సర్కారు బడికి కొనిస్తే చాలు, మొదలవుతుంది.

నేను ఫ్యాక్టరీలో సెక్యూరిటీ గార్డుని. తుపాకి ఇస్తామంటున్నారు, పట్టుకోవచ్చా?

కాగితాలు చూడకుండా పట్టుకోకండి అన్నా. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005 కింద ఏజెన్సీకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన తుపాకికి లైసెన్స్ వచ్చినట్టు కాదు, అది వేరే. తుపాకి మీ పేరు మీద ఉందా? లేక వేరే యజమానిదై, మీ పేరు లైసెన్స్‌లో రిటైనర్‌గా (యజమాని తరఫున తుపాకి పట్టే మనిషిగా) నమోదైందా? బీహార్‌లోనో యూపీలోనో తీసుకున్న లైసెన్స్ అయితే అది తెలంగాణలో చెల్లుతుందా? చెల్లే ప్రాంతం దానిమీదే రాసి ఉంటుంది. ఇవేవీ లేకుండా తుపాకితో దొరికితే మేనేజరుతో పాటు మీ మీదా కేసు పడుతుంది.

శిక్షణ కూడా అడిగి తీసుకోండి. కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం కొత్త గార్డుకు 100 గంటల తరగతులు, 60 గంటల మైదాన శిక్షణ కలిపి కనీసం 20 పనిదినాల పాటు ఇవ్వాలి. యూనిఫామ్ వేసి అదే రోజు రాత్రి డ్యూటీకి పంపితే అది శిక్షణ కాదు. పోలీసు రేంజిలో సాధన కోసం ఏజెన్సీ రాతపూర్వకంగా అడగొచ్చు. ఒప్పుకోవడం అధికారుల చేతిలో ఉంటుంది.

రేంజి దగ్గర పిల్లలకు తూటాలు దొరికాయి. ఏం చేయాలి?

ముట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి. పేలని తూటా లైసెన్స్ లేకుండా తెలిసి దగ్గర పెట్టుకోవడం నేరం. ఖాళీ తొడుగే కదా అని ఇత్తడి కోసం ఏరి పాత సామాన్ల కొట్టుకు వేయకండి. రేంజిలో ఎన్ని రౌండ్లు ఇచ్చారో అన్ని ఖాళీలు లెక్కపెట్టి అప్పగిస్తారు. బయట ఒకటి దొరికిందంటే అక్కడ లెక్క తప్పినట్టు. ఆ సంగతి పోలీసులకు తెలియాలి.

రేంజి పక్కన ఇళ్ళు ఉంటే ప్రమాదమా?

అడ్డం లేకపోతే రైఫిల్ తూటా రెండు కిలోమీటర్ల పైనే పోతుంది. 2021 డిసెంబరు 30న తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా నార్తామలై దగ్గర, తాతగారింట్లో ఉన్న 11 ఏళ్ళ బాబు తలకు దగ్గర్లోని రేంజి వైపు నుంచి వచ్చిన తూటా తగిలింది. సీఐఎస్ఎఫ్, రాష్ట్ర పోలీసులు ఆ రోజు అక్కడ సాధన చేస్తున్నారు. 2022 జనవరి 3న ఆ బాబు చనిపోయాడు. ఆ పిల్లవాడు రేంజి దరిదాపుల్లోకి వెళ్ళలేదు. తన ఇంట్లో తానున్నాడు.

అందుకే, రేంజి లోపలికి వెళ్ళే హక్కు లేకపోయినా, దాని పక్కన భద్రంగా బతికే హక్కు మీకుంది. కాల్పుల రోజు ఎర్రజెండా ఎగరాలి, ఊళ్ళో ముందే చెప్పాలి, వెనక మట్టికట్ట కరిగిపోకుండా చూడాలి. ఇవి జరుగుతున్నాయా లేదా అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. భద్రతా కారణాలతో కొన్ని వివరాలు ఆపవచ్చు. కట్ట ఎప్పుడు బాగుచేశారన్నది అలాంటి రహస్యమని నేను అనుకోను.

తూటా తగిలితే, గోడకు దిగితే?

తూటాను పీకకండి, ఫొటో తీసి ఎఫ్ఐఆర్ చేయించండి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. పరిహారం కోసం హైకోర్టుకు వెళ్ళొచ్చు. లాయరు ఫీజుకు భయపడకండి. న్యాయ సేవల చట్టం 1987 ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు పరిశ్రమల కార్మికులకు కూడా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఫోన్ 15100.