రెండవ కాన్పు: నెలలు నిండిన తరువాత గ్రామము చేయవలసిన పనులు

గ్రామములలో ప్రచార సభలు జరుపునపుడు నిండు గర్భిణులను గూర్చి మేము తరచుగా వినుచున్న మాట యొకటి కలదు. “మొదటి కాన్పునకే భయము, రెండవది దానంతట అదే జరిగిపోవును” అని పెద్దలందురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. రెండవ కాన్పు సామాన్యముగా మొదటిదానికంటె త్వరగా ముగియును. అయితే త్వరగా ముగియుట వేరు, క్షేమముగా ముగియుట వేరు. త్వరగా వచ్చునది గనుకనే దానికి ముందుగా సిద్ధపడవలెను. పెద్దల మాట విన్న కుటుంబము సిద్ధపడుటకు బదులు నిశ్చింతగా నుండిపోవుచున్నది. నొప్పులు మొదలైన తరువాత బండికై వెదకుట, డబ్బుకై పొరుగింటికి పోవుట, పెద్దబిడ్డను ఎవరికి అప్పగింతుమని తలపట్టుకొనుట జరుగుచున్నవి. ఇంతలో కాన్పు దారిలోనే కావచ్చును.

2018-20 సంవత్సరముల నమూనా నమోదు లెక్కల ప్రకారము దేశమునందు లక్ష సజీవ జననములకు 97 మంది తల్లులు మరణించిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 45, తెలంగాణలో 43. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు మించిన కాన్పులు వైద్యశాలలలోనే జరిగినవి. ఇది గొప్ప అభివృద్ధియే. కాని మిగిలిన మరణములను గూడ ఆపవలెనన్నచో వైద్యశాల యొక్కటియే చాలదు. ఇంటికిని వైద్యశాలకును నడుమనున్న దారిని, కాలమును గ్రామము చూచుకొనవలెను.

ఇది ఆడవారి విషయమని పంచాయతీ సభ్యులు తప్పుకొనుటకు వీలులేదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను 11వ షెడ్యూలులో చేర్చినది. ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి, రహదారులు ఆ పట్టికలో కలవు. నిండు గర్భిణి యున్న ఇంటికి ఈ నాలుగును ఒక్కసారిగా అవసరమగును.

గడువు తేదీ యనగా నేమి?

చివరి బహిష్టు తొలిదినము నుండి 280 దినములు లెక్కించి కాన్పు తేదీని నిర్ణయింతురు. ఆ తేదీకి 9 నెలల 7 దినములు కలిపినచో సుమారుగా ఇదే తేదీ వచ్చును. ఉదాహరణకు తొలిదినము జనవరి 10 అయినచో కాన్పు గడువు అక్టోబరు 17. గర్భము తొలి మాసములలో తీయించిన స్కానింగు ఈ లెక్కను మరింత సరిచేయును.

పంచాంగపు నెలలతో లెక్కించువారు ఒక భేదమును గమనింపవలెను. చాంద్రమాన మాసము సుమారు 29½ దినములు. కావున బహిష్టు నుండి లెక్కించి తొమ్మిది నెలలు నిండి పదవ నెల ప్రవేశించునప్పటికి సుమారు 266 దినములే యగును. గడువునకు ఇంకను రెండు వారములుండును. “నెలలు నిండినను నొప్పులు రాలేదే” అని ఇంటివారు పడు ఆందోళనలో కొంత భాగము ఈ లెక్కల భేదము వలన కలుగునదే.

గడువు తేదీ రైలుబండి వేళ వంటిది కాదు. సరిగా ఆ దినముననే కనువారు నూటికి అయిదుగురికి మించరు. 37 వారములు నిండినది మొదలు ఎప్పుడైనను నొప్పులు రావచ్చును. పై ఉదాహరణలో సెప్టెంబరు 26వ తేదీకి 37 వారములు నిండును. అనగా ఆ దినమునకే ఇల్లు సిద్ధముగా నుండవలెను. గడువు దాటి నాలుగు దినములైనంత మాత్రమున భయపడనక్కరలేదు. కాని 41 వారములు, అనగా అక్టోబరు 24, నిండినను నొప్పులు రానిచో ఇంటియొద్ద వేచియుండరాదు. అటుపైన మాయ బిడ్డకు సరిగా పోషణ నీయలేకపోవచ్చును. నొప్పులు రప్పించుటయా మానుటయా యన్నది డాక్టరు పరీక్షించి నిర్ణయింపవలెను.

రెండవ కాన్పునందలి భేదములు

మొదటి కాన్పులో బిడ్డ తల సాధారణముగా నొప్పులకు రెండు మూడు వారముల ముందే కటి భాగములోనికి దిగును. “పొట్ట జారినది” అని పెద్దలు చెప్పునది దీనినే. రెండవ కాన్పులో నొప్పులు మొదలగు వరకు తల దిగకుండుట సర్వసాధారణము. కావున “పొట్ట జారలేదు, ఇంకను వ్యవధి యున్నది” అను అంచనా రెండవ కాన్పులో పనికిరాదు.

ఇక కాలపరిమితిని చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన సూచనల ప్రకారము, గర్భాశయ ముఖము 5 సెంటీమీటర్లు విచ్చుకొన్నది మొదలు పూర్తిగా విచ్చుకొను వరకు మొదటి కాన్పులో సాధారణముగా 12 గంటలకు, తరువాతి కాన్పులలో 10 గంటలకు మించదు. ఆపైన బిడ్డ బయటపడుటకు మొదటిసారి 3 గంటల లోపు, తరువాత 2 గంటల లోపు పట్టును. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. రెండవసారి కనువారిలో అనేకులకు ఇందులో సగము కాలమైనను పట్టదు.

ఒక ఊరు వైద్యశాలకు 25 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. రాత్రి ఒంటిగంటకు నొప్పులు మొదలైనవి. తెల్లవారనిమ్మని పెద్దలు ఒక గంట ఆలోచించిరి. బండి వచ్చుటకు ఒక గంట, ప్రయాణమునకు ఒక గంట పట్టినవి. నాలుగు గంటలకు వైద్యశాల చేరు లెక్క. మొదటి కాన్పునకు ఈ మూడు గంటలు పెద్ద నష్టము కాకపోవచ్చును; రెండవ కాన్పునకు అదే మొత్తము వ్యవధి కావచ్చును. నిర్ణయములో జాప్యము, ప్రయాణములో జాప్యము, వైద్యశాలలో చికిత్స మొదలగుటలో జాప్యము అని వైద్యులు మూడు జాప్యములను చెప్పుదురు. వీనిలో మొదటి రెండును గ్రామము చేతిలో నున్నవి.

మొదటి కాన్పు సులువుగా జరిగినంత మాత్రమున రెండవదియు అట్లే జరుగునను హామీ లేదు. పొట్ట కండరములు వదులగుటచే బిడ్డ అడ్డము తిరిగి యుండవచ్చును. కాన్పు తరువాత గర్భాశయము గట్టిగా ముడుచుకొనక రక్తస్రావము కావచ్చును. పై సర్వే ప్రకారము మన రాష్ట్రమున గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనత కలవారే. అట్టివారు కొద్ది రక్తము పోయినను తట్టుకొనలేరు. తీవ్రమైన రక్తస్రావము రెండు గంటలలో ప్రాణము తీయగలదు.

దొంగ నొప్పులు, నిజమైన నొప్పులు

రెండవ గర్భమున చివరి వారములలో పొట్ట గట్టిపడి వదలుచుండుట ఎక్కువగా తెలియును. ఇవి దొంగ నొప్పులు. క్రమము లేకుండ వచ్చును. కొంతసేపు నడచినను, పరుండినను, నీరు త్రాగినను తగ్గిపోవును. నిజమైన నొప్పులు నడుము నుండి పొట్ట ముందునకు వ్యాపించును; క్రమముగా వచ్చుచు, రాను రాను దగ్గరపడి బలపడును; విశ్రాంతి తీసికొన్నను తగ్గవు. రక్తపు చారతో కూడిన జిగురు కనబడవచ్చును.

రెండవ కాన్పులో నొప్పులు బాగుగా దగ్గరపడు వరకు ఇంటనుండరాదు. క్రమము తప్పక వచ్చుచున్నవని తెలియగనే బయలుదేరవలెను. దొంగ నొప్పులని తేలి తిరిగి వచ్చినచో నష్టము లేదు. అట్లు రెండుసార్లు తిరిగి వచ్చిన స్త్రీని ఎగతాళి చేయరాదు. ఆ భయముననే మూడవసారి ఆమె నోరు విప్పక ఊరకుండును.

క్రింది లక్షణములలో ఏ యొక్కటి కనబడినను నొప్పులు లేకున్నను వెంటనే వైద్యశాలకు చేర్చవలెను:

1. ఉమ్మనీరు పోవుట. నీరు పచ్చగా నున్నచో మరింత ప్రమాదము.
2. రక్తస్రావము.
3. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము చేతులు వాచుట, మూర్ఛ.
4. బిడ్డ కదలిక తగ్గుట. తల్లి ఎడమ ప్రక్కకు ఒత్తిగిలి పరుండి లెక్కించినపుడు 2 గంటలలో 10 కదలికలైనను తెలియనిచో ఆలస్యము చేయరాదు.
5. జ్వరము, ఆయాసము, విడువని కడుపునొప్పి.

మొదటిసారి శస్త్రచికిత్సతో కాన్పైనవారి సంగతి ప్రత్యేకము. వారు ఎక్కడ, ఏ విధముగా కనవలెనో ముందుగానే డాక్టరుతో నిశ్చయించుకొనవలెను. నొప్పులు తోచిన తక్షణమే పెద్ద వైద్యశాలకు పోవలెను. పాత కుట్ల చోట గర్భాశయము చిట్లు ప్రమాదము కలదు.

తొందరపెట్టరాదు

వేచియుండుట కష్టము. అందుచే కొందరు ఆముదము త్రాగింతురు. మరికొందరు ఇంటికే మనిషిని పిలిపించి నొప్పుల సూది వేయింతురు. ఆముదము వలన విరేచనములై తల్లి నీరసించును. ఇంటియొద్ద వేయు సూది ఇంతకంటె ఎంతో అపాయకరము. గర్భాశయము ఎడతెగక బిగిసి బిడ్డకు ప్రాణవాయువు అందకపోవచ్చును. గర్భాశయము పగిలి తల్లి ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఈ మందును బిడ్డ గుండె చప్పుడు గమనించుచు, అవసరమైనచో వెంటనే శస్త్రచికిత్స చేయగల చోటనే వాడవలెను.

ముహూర్తము పెట్టించి కోయించుట మరియొక తొందర. 2019-21 సర్వేలో శస్త్రచికిత్స కాన్పులు దేశమంతట నూటికి 21.5 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. అవసరమైన శస్త్రచికిత్స తల్లిని, బిడ్డను కాపాడును. దానిని ఆక్షేపించుట మా ఉద్దేశము కాదు. కాని వైద్య కారణము లేకుండ, 39 వారములు నిండకమునుపే మంచి నక్షత్రమునకై బిడ్డను బయటికి తీసినచో ఊపిరితిత్తులు పక్వము కాక బిడ్డ ఊపిరికి కష్టపడవచ్చును.

వేచియున్న ఇంటిలో

మొదటి కాన్పు పుట్టింట, రెండవది అత్తింట జరుగుట అనేక కుటుంబముల ఆచారము. మొదటిసారి తల్లి ప్రక్కన నుండెను, పనిపాటలు లేవు. రెండవసారి ఆ స్త్రీయే ఇల్లు నడుపవలెను, చంటిబిడ్డను ఎత్తుకొనవలెను. నాట్ల కాలమైనచో పొలమునకు కూడ పోవుచుండును. మెల్లగా నడచుట, తేలికపాటి ఇంటిపని మంచివే. బరువులు మోయుట, ఎండలో వంగి పనిచేయుట మాన్పింపవలెను. మధ్యాహ్నము రెండు గంటల విశ్రాంతి, వేళకు భోజనము, ఇనుము మాత్రలు తప్పరాదు.

పెద్దబిడ్డను చూచుకొనువారెవరో ముందుగా నిశ్చయింపవలెను. బిడ్డ ఎవరియొద్దను ఉండదను కారణమున తల్లి బయలుదేరుటకు వెనుకాడుట మేము విన్న సంగతియే. ఆ మనిషికి బిడ్డను చివరి నెలలోనే మచ్చిక చేయవలెను. మాతా శిశు సంరక్షణ కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము, ఉతికిన మెత్తని పాతబట్టలు ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర నుంచవలెను. పుట్టింటికి పోవు నిర్ణయమైనచో కార్డు వెంట తీసికొనిపోయి, ఆ ఊరి ఆశా కార్యకర్తకు తెలియజేయవలెను. లేనిచో ఆమె పేరు రెండు ఊళ్లలో ఏ యూరి జాబితాలోను నిలువదు.

పంచాయతీ చేయవలసిన పనులు

ప్రతి నెలయు రాబోవు నెలలో కనవలసినవారి జాబితాను ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం.ల యొద్దనుండి తెప్పించి, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమున పరిశీలింపవలెను. రెండవ కాన్పువారు, పూర్వము శస్త్రచికిత్స జరిగినవారు, రక్తహీనులు, భర్త వలసపోయినవారు ఎవరో గుర్తింపవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో జరుగు ప్రత్యేక పరీక్షలకు వారిని పంపవలెను.

108 వాహనము రాలేని వాడలున్నచో, అది నిలుచు చోటును ముందే నిర్ణయించి, అంతవరకు తల్లిని చేర్చు బండిని, రాత్రివేళ పిలిచినను వచ్చు మనిషిని ఏర్పాటు చేయవలెను. ఆ దారిలో దీపములు వెలుగవలెను, గుంతలు పూడ్చవలెను. వానకాలమున వాగు పొంగి దారి తెగు గ్రామములవారు, కొండలపై డోలీ మోయవలసిన గూడెములవారు నొప్పులు వచ్చు వరకు ఆగరాదు. గడువునకు ముందే తల్లిని వైద్యశాలకు దగ్గరగా చేర్చవలెను. సాలూరు ప్రాంతమున కొండ గూడెముల గర్భిణులకై వసతి గృహము నెలకొల్పినది ఈ యవసరమును గుర్తించియే.

2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ వైద్యశాలలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, రక్తము, భోజనము, రాకపోకలు ఉచితము. ప్రధానమంత్రి మాతృ వందన యోజన క్రింద, 2022 ఏప్రిల్ 1 నుండి, రెండవ బిడ్డ ఆడశిశువైనచో అర్హత గల తల్లికి 6,000 రూపాయలు లభించును. ఈ సంగతులు గ్రామసభలో చదివి వినిపింపవలెను.

వచ్చే సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. రాబోవు నెలలో మన గ్రామమున కనవలసినవారెందరు? వారిలో రెండవ కాన్పు ఎందరికి?
2. అర్ధరాత్రి పిలుపు వచ్చినచో బండి ఎవరిది? అతడు ఊరిలో లేనిచో రెండవవారెవరు?
3. ఆ కుటుంబములలో పెద్దబిడ్డను చూచుకొనువారు నిశ్చయమైరా?
4. అవసరమైనచో రక్తమీయగలవారి పేర్లు, వారి రక్తపు గ్రూపులు వ్రాసియున్నవా?
5. మన ఊరి నుండి శస్త్రచికిత్స చేయగల వైద్యశాలకు ఎన్ని గంటల ప్రయాణము? వానకాలమున ఎన్ని గంటలు?

అయిదవ ప్రశ్నకు సమాధానము రెండు గంటలకు మించినచో, జాబితాలోని రెండవ కాన్పువారిని నొప్పులకు ముందే ఎక్కడ ఉంచవలెనో అదే సమావేశమున తీర్మానింపవలెను.